సీసాతోనా? సీసా లేకుండానా?

మా ఆవిడకి బోట్స్‌వానాలో లెక్కల టీచరు వుద్యోగం వచ్చిందని తెలియగానే అనంతపురంలో మా చుట్టాలంతా రెండు జట్లయిపోయారు. "అదెక్కడుందీ?" అన్నవాళ్ళు ఒక జట్టు. "ఆఫ్రికానా! సింహాలుంటాయే!" అన్నవాళ్ళు రెండో జట్టు. మా మేనమామ ఒక్కడే తాపీగా వక్కపొడి నములుతూ, "ఓరి పిచ్చోడా, అది మన కోకాకోలా సీసా సినిమా దేశం కదరా!" అన్నాడు.

అవును మరి! 'ది గాడ్స్ మస్ట్ బీ క్రేజీ' సినిమాని కేబుల్ టీవీలో యెన్నిసార్లు చూశామో లెక్కలేదు. విమానంలో పోయేవాడెవడో తాగేసి విసిరిన ఖాళీ సీసా కలహారి ఎడారిలో పడుతుంది. అక్కడి అమాయక జనం అది దేవుడిచ్చిందనుకుంటారు. ఒకటే సీసా, పదిమంది మనుషులు. తగువులు మొదలవుతాయి. దాన్ని భూమి అంచు దాకా వెళ్ళి పారేసి వస్తానని బయల్దేరతాడు హీరో. 1980లో జేమీ అయిస్ అనే దక్షిణాఫ్రికా దర్శకుడు తీశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత నా మీద నేనే ఫిర్యాదు చేసుకోవాల్సి వుంది కాబట్టి.

సరే, ఆవిడ వుద్యోగానికి ఆవిడ, ఆవిడ వీసాకి తోకగా నేనూ రాజధాని గాబరోన్‌లో దిగాం. సింహం సంగతి దేవుడెరుగు, మొదటివారం నాకు కనిపించినవి షాపింగ్ మాల్సూ, ట్రాఫిక్ లైట్లూ, రోడ్డుకడ్డంగా నింపాదిగా నడిచే గాడిదలూనూ. బాలాజీ గుడి కూడా వుంది. తెలుగు కుటుంబాలు నాలుగైదు మా దరిదాపుల్లోనే వున్నాయి. ఆదివారం పూట పులిహోర తింటూ కూర్చుంటే ఆఫ్రికాకి వచ్చామా, లేక హిందూపురం దాకా వెళ్ళి ఆగిపోయామా అనిపించేది.

ఈ దేశం నాకు పెట్టిన మొదటి పరీక్ష కాంబీలో. కాంబీ అంటే అక్కడి షేర్ వ్యాను. తెల్ల బండి, నీలం నంబరు ప్లేటు. ఎక్కబోతూ పక్కనున్న పెద్దావిడని, "ఇది స్టేషన్‌కి పోతుందా?" అని అడిగాను ఇంగ్లీషులో. ఆవిడ నావంక చూసి, "డుమేలా, ర్రా" అంది. వినిపించలేదేమోనని మళ్ళీ అడిగాను. "డుమేలా, ర్రా" అంది మళ్ళీ, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా. వెనకసీటు కుర్రాడు నవ్వాపుకోలేక చెప్పాడు, ముందు నమస్కారం చెప్పాలట. డుమేలా అంటే నమస్కారం. ర్రా అంటే అయ్యా, మ్మా అంటే అమ్మా. మన 'అమ్మా'లో అకారం యెక్కడో జారిపోయినట్టు! "డుమేలా, మ్మా" అన్నాను. "ఎలా లేచారు?" అని ఆవిడ కుశలం అడిగింది. బాగానే లేచానన్నాను. అప్పుడు చెప్పింది, బండి స్టేషన్‌కి పోదని.

బండి తప్పింది గానీ పాఠం ఒంటబట్టింది. ఇక్కడ షాపులోనైనా, బ్యాంకులోనైనా, పోలీసు ఆపినా, ముందు మనిషిని మనిషిగా పలకరించాలి. ఆ తర్వాతే పని. డబ్బులిచ్చేటప్పుడు కుడిచేత్తో ఇస్తూ యెడమచేత్తో మోచేతిని తాకుతారు. అన్నట్టు వాళ్ళ డబ్బు పేరు 'పులా'. పులా అంటే వాన! అనంతపురం వాణ్ణి కదండీ, ఆ సంగతి తెలిసిన రోజు చేతిలో పది పులాల నోటు పట్టుకుని కాసేపు అలా కూర్చుండిపోయాను. మీటింగుల్లో జయజయధ్వానాలకి కూడా "పులా! పులా!" అనే అరుస్తారు. వాన పడటాన్ని మించిన శుభం లేదన్నమాట. మా తాత వుండివుంటే ఈ దేశాన్ని నిమిషంలో అర్థం చేసుకునేవాడు.

తిండి దగ్గర కూడా అంతే. 'బొహోబే' అని పెడితే తిన్నాను, మా అవ్వ చేసిన జొన్న సంకటే! ఇక్కడివాళ్ళు మన జొన్న తింటున్నారే అని మురిసిపోయాను. తర్వాత తెలిసిందేమిటంటే, జొన్న పుట్టిందే ఆఫ్రికాలోనట, వేల యేళ్ళ కిందట మనకొచ్చిందట. కాబట్టి వాళ్ళు మన జొన్న తినడం లేదు, మనమే వాళ్ళది తింటున్నాం.

మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు రిటైరైన నర్సు. అరవై దాటాయి, మాట కరుకు, మనసు మెత్తన. సాయంత్రం అయిందంటే ఆవిడకి 'జీ వరల్డ్' వుండాలి. మన హిందీ సీరియళ్ళని ఇంగ్లీషులోకి డబ్ చేసి ఆఫ్రికాకి పంచిపెట్టే చానల్ అది, 2015లో మొదలైంది. గాబరోన్‌లో దాని అభిమానుల్ని చూస్తే మన హీరోల అభిమాన సంఘాలు బలాదూర్. నేను కనిపిస్తే చాలు, ఆవిడ ప్రశ్నల వర్షం కురిపించేది.

"ర్రా, మీ దేశంలో అత్తగారు నిద్రలో కూడా నగలు తీయదా?"

"తలుపు దగ్గర యెవరైనా నిలబడితే ఉరుము ఎందుకు ఉరుముతుంది?"

"మీ ఆవిడ పొద్దున్నే నీ కాళ్ళకి మొక్కదేం? గొడవ పడ్డారా?"

మా ఆవిడ ఈ చివరి ప్రశ్నకి వారం రోజులు నవ్వింది. నాకు మాత్రం వొళ్ళు మండిపోయేది. "మ్మా, అదంతా సెట్టింగు! మేం అలా వుండం! ఆ బొమ్మలు చూసి మా దేశాన్ని అంచనా వెయ్యకండి" అని ప్రతిసారీ వాదించేవాణ్ణి. ఆవిడ "ఎహే" అని తలూపి మళ్ళీ టీవీవైపు తిరిగేది.

ఇలా వుండగా నాకు కాస్త పని దొరికింది. ఫ్రీలాన్సు జర్నలిస్టు బతుకు మీకు తెలియంది కాదు. ఎవరడిగితే వాళ్ళకి రాయడమే. ఇంటర్నెట్ పత్రిక ఒకటి నడుపుతున్న మిత్రుడు ఫోన్‌చేసి, "కోక్ సీసా సినిమా మనుషుల దగ్గరికి వెళ్ళిరా. సరదాగా వుండాలి. ఫొటో అదిరిపోవాలి" అన్నాడు. ఫొటో యెలా వుండాలో వాడు చెప్పక్కర్లేదు, నా బుర్రలో అప్పటికే ఫ్రేము కట్టేశాను. గాజు సీసా కోసం గాబరోన్‌లో మూడు షాపులు తిరిగాను. రెండుచోట్ల అన్నీ ప్లాస్టిక్‌వే. మూడోచోట దొరికింది. తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టుకున్నాను.

పొద్దున బస్సెక్కితే గాంజీ చేరేసరికి సాయంత్రం. ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు. జ్వానెంగ్ దాటామంటే వూళ్ళు పలచబడిపోతాయి. ప్రపంచంలోనే పేరుమోసిన వజ్రాల గని అక్కడే వుంది, 1982లో తెరిచారు. ఆ తర్వాత రోడ్డు గీత గీసినట్టు పోతూనే వుంటుంది. కలహారి అంటే ఇసుక తిన్నెలనుకున్నాను. కాదండీ! తుమ్మ జాతి చెట్లు, పొదలు, మోకాలెత్తు గడ్డి. కరువు సంవత్సరంలో మా కళ్యాణదుర్గం రోడ్డు కంటే పచ్చగానే వుంది. బస్సులో సగంమంది నిద్రపోతుంటే, ఈ చెట్ల వెనకాలనించి మన హీరో యెప్పుడు పరుగెత్తుకొస్తాడా అని నేను కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను.

గాంజీకి కాస్త అవతల డెకార్ అని ఒక పల్లె. సాన్ జాతివాళ్ళది. సెత్స్వానా భాషలో వాళ్ళని బసార్వా అంటారు. అక్కడ బొమ్మలు వేసే కళాకారులున్నారు. వాళ్ళలో ఒకావిడ వేసిన బొమ్మ 1997లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాల తోకల మీదికెక్కింది. సినిమాలో విమానంలోంచి సీసా కిందపడితే, ఇక్కడ కింది బొమ్మ విమానం మీదికెక్కింది! ఇదే నేను రాయాల్సిన కథ అని అప్పుడు తట్టలేదు. నా సంచీలో సీసా వుందిగా.

జీన్స్ ప్యాంటూ, చేతిలో ఫోనూ వున్న ఒక కుర్రాడు గైడుగా దొరికాడు. టూరిస్టుల్ని అడవిలో తిప్పి వేర్లూ, గడ్డలూ చూపించే ముసలాయన వున్నాడని తీసుకెళ్ళాడు. ఆ ముసలాయన పాత కోటు తొడుక్కుని ఇంటి ముందు రేడియో వింటున్నాడు. మేం వెళ్ళగానే లోపలికి పోయి, కోటూ ప్యాంటూ విప్పి, తోలు కట్టుకుని బయటికొచ్చాడు. అచ్చం మన జూనియర్ ఆర్టిస్టులు కాల్షీటుకి మేకప్ వేసుకొచ్చినట్టు! నాకప్పుడైనా సిగ్గెయ్యాల్సింది.

నేను సంచీలో చెయ్యి పెట్టాను. తువ్వాలు ఇంకా బయటికి రాకముందే గైడు కుర్రాడు మామూలుగా, బస్సు టిక్కెట్టు అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఫొటోకా ర్రా? సీసాతోనా? సీసా లేకుండానా?"

ఈ పని చేసిన మొదటి మొనగాణ్ణి నేను కాదన్నమాట. "సీసాతో" అన్నాను. అనేశాను. ముసలాయన సీసా అందుకుని తల పైకెత్తి ఆకాశంవైపు ఆశ్చర్యంగా చూశాడు, నేనేమీ చెప్పకుండానే. తీశాను. డబ్బులిచ్చాను. ఆయన మోచేయి తాకి తీసుకున్నాడు. సీసాలో డ్రింకు ఇంకా వుంది. మూత తీయించుకుని సగం తాగి, మిగతాది మనవడికిచ్చాడు. ఆ గైడు కుర్రాడే మనవడు.

ఫొటో పడింది. వేల లైకులొచ్చాయి. గొప్పగా తీసుకెళ్ళి మా ఇంటావిడకి చూపించాను. ఆవిడ టీవీ శబ్దం తగ్గించి, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పేరేమిటి?"

"దేని పేరు?"

"ఈ మనిషి పేరు."

అడగలేదు. కాంబీలో ముక్కూమొహం తెలీని మనిషికి డుమేలా చెప్పడం నేర్చుకున్నవాణ్ణి, ఆరువందల కిలోమీటర్లు పోయి ఒక మనిషి పేరు అడగకుండా వచ్చాను. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తన మాట చెప్పింది. పడుచుతనంలో ఆ వైపే ఒక ఆస్పత్రిలో పనిచేసిందట. బసార్వా రోగులు వస్తే వాళ్ళ పేర్లు పలకడం రాదు, రాయడం అంతకన్నా రాదు. అందుకని రిజిస్టర్లో నోటికొచ్చిన సెత్స్వానా పేరు రాసేసేవాళ్ళట. "ఒక పిల్ల చనిపోతే, చీటీ మీద నేను పెట్టిన పేరే వుంది" అంది. ఆ తర్వాత ఆవిడ శబ్దం పెంచలేదు. తెరమీద అత్తగారు నోరు కదుపుతూనే వుంది.

ఆ రాత్రి కూర్చుని ఆ సినిమా సంగతులన్నీ చదివాను. హీరో పేరు మనం నిఖావ్ అంటాం గానీ, ఆ పేరు మధ్యలో నాలుక అంగిట్లో కొట్టే చప్పుడు ఒకటుంది, మన లిపిలో దానికి అక్షరం లేదు. పాలు విరిగిపోతే "చ్చొచ్చొ" అంటామే, ఎద్దుల్ని అదిలించడానికి దవడ పక్కన టకటకలాడిస్తామే, అలాంటి చప్పుళ్ళే వాళ్ళకి హల్లులు. కథ బోట్స్‌వానాలో జరిగిందని చూపించారు గానీ ఆయనది నమీబియా. అప్పుడా దేశం ఇంకా దక్షిణాఫ్రికా చేతిలోనే వుంది, స్వాతంత్ర్యం 1990లో వచ్చింది. తెల్లవాడి ముఖమే ఎరగని అడవిమనిషిగా చూపించిన ఆయన, సినిమాకి ముందు ఒక స్కూల్లో వంటవాడు! పోలీసుల్లేరు, తగువుల్లేరు అని సినిమాలో చూపించిన ఆ జనాన్ని నిజానికి దక్షిణాఫ్రికా సైన్యంలో చేర్చుకుంటున్న రోజులవి. జాన్ మార్షల్ 1980లోనే తీసిన డాక్యుమెంటరీలో 'గాడ్స్' షూటింగ్ కూడా కనిపిస్తుంది. నిఖావ్ తర్వాత రెండో భాగంలోనూ, హాంకాంగ్ సినిమాల్లోనూ వేశాడు. ఆ డబ్బుతో నీళ్ళూ కరెంటూ వున్న ఇల్లు కట్టుకున్నాడు. 2003లో చనిపోయాడు. మంచి నటుడండీ! ఆ వంటవాడు అంత అమాయకంగా నటించాడు కాబట్టే మనం నటన అనుకోలేదు.

మనవాళ్ళని మాత్రం అనొద్దా? మొహానికి నల్లరంగు పులిమి, నెత్తిన ఈకలు గుచ్చి, హీరోయిన్ని స్తంభానికి కట్టేసి చుట్టూ గంతులేసే 'కోయదొర'ల్ని మన తెరమీద యెన్ని చూడలేదు? ఆ కోయవాడి పేరేమిటని మనం యెప్పుడైనా అడిగామా?

మిత్రుడికి ఫోన్‌చేసి ఫొటో తీసెయ్యమన్నాను. "బాగా ఆడుతోంది, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఇంకా తియ్యలేదు. అందుకే ఈ వ్యాసంతోపాటు ఫొటో యేదని అడక్కండి.

మూడు నెలల తర్వాత మా ఆవిడకి సెలవులొస్తే ఇద్దరం మళ్ళీ డెకార్ వెళ్ళాం. ముసలాయన లేడు. గాంజీ వైపు ఒక పశువుల ఫారంలో పని దొరికి వెళ్ళాడన్నాడు మనవడు. ఎప్పుడొస్తాడో తెలియదు. "ఫొటో సంగతా? డబ్బులిచ్చారుగా" అన్నాడు. అది కాదు, మీ తాత పేరు కావాలన్నాను. వాడు నన్నోసారి ఎగాదిగా చూసి చెప్పాడు.

నాకు రాలేదు. మళ్ళీ చెప్పాడు. నాలుక పళ్ళకి కొడితే చప్పుడొచ్చింది గానీ పేరు విరిగిపోయింది. చుట్టూ పిల్లలు పోగయ్యారు. నేను అన్నప్పుడల్లా పడీపడీ నవ్వారు. ఒక బుడ్డోడు నేలమీద దొర్లాడు. మా ఆవిడకి రెండోసారికే వచ్చేసింది, లెక్కల టీచరుగా! నాకు ఏడో ఎనిమిదోసారికి, "దగ్గరగా వచ్చావు" అన్నాడు కుర్రాడు.

మర్చిపోతానేమోనని నోటుబుక్కు తీసి తెలుగులో రాసుకున్నాను. నాలుక కొట్టే చోట అక్షరం లేదు కాబట్టి చిన్న చుక్క పెట్టాను. ఆ పేరు ఆయన్నడక్కుండా ఇక్కడ వెయ్యను. కుర్రాడు పుస్తకం లాక్కుని ఆ అక్షరాల మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపించాడు.

"ఇదేనా మా తాత?" అన్నాడు. "ఇంత గుండ్రంగా వుండడే!"