పికప్ షీటులో లేని కాలమ్

నేను చదివిన అమెరికా తెలుగు కథల్లో ఎయిర్‌పోర్టు చాలాసార్లు తగులుతుంది. రెండు పెద్ద సూట్‌కేసులు, అమ్మ కట్టిచ్చిన పచ్చళ్ళు, ఇమ్మిగ్రేషన్ లైనులో గుండెదడ అన్నీ ఉంటాయి. బయట కారు పెట్టుకుని ఎదురుచూసే సీనియర్ మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతాడు. అతన్ని ఎవరు పంపారు, గ్యాస్ డబ్బులెవరివి, ఆ రాత్రికి ఎవరి కార్పెట్ మీద చోటుందో ఎవరు కనుక్కున్నారు? కథకి పనికిరాని వివరాలనుకుంటారేమో. నాకు మాత్రం ఎమ్మెస్‌లో కోర్సులకన్నా ఎక్కువ నేర్పినవి అవే.

మిడ్‌వెస్టులో ఒక పబ్లిక్ యూనివర్సిటీలో నేను చదివినప్పుడు ఇవన్నీ చూసేది ఇండియన్ స్టూడెంట్ల సంఘం. ఆగస్టులో నన్ను తీసుకొచ్చినతను వారం రోజులు తన ఇంట్లో ఉంచుకుని అన్నం పప్పు పెట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "వచ్చే ఏడు నువ్వో ఇద్దర్ని తీసుకురా, సరిపోతుంది" అన్నాడు. నేను సంఘంలో చేరింది అలా. ఆశయాలేమీ లేవు, అప్పు తీర్చుకోడానికి చేరాను. చాలామంది అలాగే చేరతారు.

చేరాక తెలిసింది, మాలో ఎవరికీ సంఘం నడపడం రాదని. మన దగ్గర విద్యార్థి ఎన్నికలకి లింగ్డో కమిటీ 2006లో నియమాలు రాసింది. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలు దాటకూడదని కూడా అందులో ఉంది. నేను ఇంజినీరింగ్ చదివిన కాలేజీలో ఖర్చు పెట్టడానికి అసలు పదవే లేదు. ఫెస్టు వస్తే హెచ్‌ఓడీ నలుగురి పేర్లు చదివేవారు, వాళ్ళే కమిటీ.

ఇక్కడ అలా కాదు. ఒకరు మోషన్ పెట్టాలి, ఇంకొకరు సెకండ్ చెయ్యాలి, కోరమ్ ఉండాలి, మినిట్స్ రాయాలి. ఏడుగురం కూర్చుని ఇదంతా చేస్తుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఈ పద్ధతికి మూలమైన రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ 1876లో అచ్చయింది. రాసిన హెన్రీ రాబర్ట్ లాయరు కాదు, అమెరికా సైన్యంలో ఇంజినీరు. ఒకసారి ఏదో సభకి అధ్యక్షత వహించాల్సి వచ్చి, ఎలా నడపాలో తెలియక ఇబ్బందిపడ్డాడట. తర్వాత కూర్చుని పుస్తకం రాశాడు. మాన్యువల్ లేని సిస్టమ్‌కి మాన్యువల్ రాయడం ఇంజినీరు చేసే పనే కదా.

డబ్బు సంగతి ఇంకా ఆసక్తికరం. ట్యూషన్‌తో పాటు విద్యార్థులు కట్టే యాక్టివిటీ ఫీజులోంచే మాకు నిధులొచ్చేవి. పబ్లిక్ యూనివర్సిటీల్లో ఇలాంటి ఫీజు పంచేటప్పుడు సంఘాల అభిప్రాయాలు చూసి పక్షపాతం చూపకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2000లో విస్కాన్సిన్ యూనివర్సిటీ కేసులో చెప్పింది. అంటే మా దీపావళి హాలు అద్దెలో, పండగ పేరు కూడా వినని పిల్లల డబ్బులూ ఉన్నాయన్నమాట. అందుకే ఎవరినీ బయట పెట్టమని మేమూ సంతకం పెట్టి ఇచ్చాం.

సంతకం పెట్టడం తేలికే. ఏడుగురిలో ఐదుగురం తెలుగువాళ్ళం. మీటింగ్ ఇంగ్లీషులో మొదలై పది నిమిషాల్లో తెలుగులోకి జారేది. ట్రెజరర్ పుణె అమ్మాయి, ఫోను చూసుకుంటూ కూర్చునేది. ఒకరోజు "డబ్బులు నా దగ్గరున్నాయి, నిర్ణయాలు మీ భాషలో ఉన్నాయి" అంది. ఆ రోజు నుంచి ఎవరైనా తెలుగులోకి జారితే సమోసాల ఖర్చు వాళ్ళదని మోషన్ పాసయింది. సంఘం పెట్టిన నియమాల్లో బాగా పనిచేసింది అదే.

రెండో ఏడు నేను ప్రెసిడెంటునయ్యాను. ఎండాకాలమంతా పికప్ షీటు పనే. పేరు, ఫ్లైటు, ఎన్ని పెట్టెలు, వెజ్జా నాన్‌వెజ్జా, సిగరెట్ అలవాటుందా, అద్దె ఎంతవరకు భరించగలరు. జూన్‌లో కమిటీలో ఒకతను, ఇంటిపేరు, 'బ్యాక్‌గ్రౌండ్' అని ఇంకో కాలమ్ పెడదామన్నాడు. రూమ్మేట్లని కలపడం సులువవుతుంది, తర్వాత గొడవలుండవు అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. అందరికన్నా ఎక్కువసార్లు ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది అతనే. గొడవైన ఇళ్ళకి అర్ధరాత్రి వెళ్ళి సర్దిచెప్పిందీ అతనే.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు, ఎప్పుడూ నోరెత్తని ఒక జూనియర్ అన్నాడు: "ఆ కాలమ్ ఉండుంటే నేను ఫామ్ నింపేవాణ్ణి కాదు. టాక్సీలో వచ్చేవాణ్ణి."

మోషన్ ఉంది, సెకండ్ అయింది. వోట్లు మూడూ మూడూ. మిగిలింది నాది. అతనికి కోపమొచ్చి మానేస్తే ఆగస్టులో సగం పికప్‌లు ఎవరు చేస్తారని లెక్కేసుకున్న మాట నిజం. వద్దనే వోటేశాను. అతను మానలేదు. ఆగస్టులో రాత్రి రెండింటికి పిల్లల్ని తెచ్చి దించుతూనే ఉన్నాడు. నాతో మాట్లాడ్డం మాత్రం తగ్గించాడు.

దానివల్ల ఏం మారింది? ఇళ్ళలో పెద్దగా మారలేదు. షీటులో లేని కాలమ్ వాట్సాప్ గ్రూపుల్లో ఉండనే ఉంది. ఎవరితో ఎవరుండాలో అక్కడే తేలిపోయేది. తర్వాత 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022లో కాల్ స్టేట్ యూనివర్సిటీలు తమ వివక్ష వ్యతిరేక నియమాల్లో కులం పేరు చేర్చాయి. ఆ వార్తలు చదివినప్పుడు మా నాలుగూ మూడూ గుర్తొచ్చింది. నియమం వంటింటి దాకా వెళ్ళదు. కానీ అందరి ఫీజుతో నడిచే సంఘం, దేశం కాని దేశంలో దిగబోయే పిల్లాణ్ణి ముందుగా అడిగే ప్రశ్నల్లో అది లేకపోవడం నాకు చిన్న తేడాగా అనిపించదు.

ఎమ్మెస్ రెండేళ్ళే. పని తెలిసేసరికి వెళ్ళిపోవాలి. నాయకత్వమంటే చాలామందికి దీపావళి రాత్రి స్టేజీ మీద మైకు. నిజానికి ఎక్కువ భాగం అప్పగింతలే: స్టోర్‌రూమ్ తాళం ఎవరి దగ్గరుంది, ఫ్యాకల్టీ అడ్వైజర్ సంతకం ఎప్పటికల్లా కావాలి, వ్యాన్ ఎక్కడ చవక. వెళ్ళేముందు ఇవన్నీ ఒక డాక్యుమెంటులో రాసిచ్చాను. ఫలానా కాలమ్ షీటులో ఎందుకు లేదో, ఆ రోజు జూనియర్ పేరు లేకుండా అతను చెప్పిన మాటతో సహా రాశాను. కోడ్‌లో కూడా అంతే. ఎందుకు తీసేశారో రాసిపెట్టకపోతే, మంచి ఉద్దేశంతోనే ఎవరో ఒకరు మళ్ళీ పెడతారు.