పాతిక సెంట్ల సీసా

బెర్లిన్‌లో డిసెంబరు. సాయంత్రం నాలుగైతే చాలు, పొద్దు గుంకిపోతుంది. అప్పటికి మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ అన్నం తినేసి నా ఫోన్ కోసం చూస్తుంటుంది. ఆదివారం దాదాపు కొట్లన్నీ మూతే, అందుకని పెరుగు, బియ్యం శనివారమే తెచ్చిపెట్టుకుంటాను.

ఇక్కడ నా మనసుకు బాగా పట్టింది మాత్రం సీసాల పద్ధతి. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు కొంటే 25 సెంట్లు అదనంగా కట్టాలి. ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్‌లోని మిషన్ నోట్లో పెడితే, అది గిర్రున తిప్పి, మీదున్న గుర్తు చదివి, లోపలికి లాక్కుని చీటీ ఇస్తుంది. ఎనిమిది సీసాలకు రెండు యూరోలు. నెలాఖరున అదే నాకు బ్రెడ్డు.

చాలామంది సీసాను చెత్తబుట్టలో వెయ్యరు, పక్కన నిలబెట్టి పోతారు. ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా! అది మొదటిసారి గమనించిన రోజు, ఒక ముసలాయన వంగి సీసా తీసుకుని సంచిలో వేసుకునేదాకా అక్కడే నిలబడిపోయాను. ఎంత చిన్న పని, ఎంత మర్యాద.

నిన్న నా సంచిలో రెండు సీసాలున్నాయి. యు-బాన్ స్టేషన్ బయట బుట్ట పక్కన నిలబెట్టి వచ్చాను.