హిమోగ్లోబిన్ గడి

జూన్ 3, మంగళవారం

థీసిస్ రాస్తున్న పీజీ అమ్మాయి ఎక్సెల్ షీటు పంపింది. గర్భిణుల్లో రక్తహీనత. బ్లడ్ గ్రూపు కాలమ్‌లో ఏకి 1, బీకి 2, ఏబీకి 3, ఓకి 4 అని కోడ్లు వేసుకుంది. అందులో తప్పేం లేదు, అందరం అలాగే వేస్తాం. సాఫ్ట్‌వేర్ మాత్రం దానికీ సగటు తీసి పెట్టింది, 2.6 అని. ఈ 2.6 గ్రూపు రక్తం ఏ బ్లడ్ బ్యాంకులో దొరుకుతుందో కనుక్కోమన్నాను. నవ్వింది. గ్రూపులకు పేర్లే గానీ పైదీ కిందదీ లేదు. ఏది ఎంతమందికి ఉందన్నదే లెక్క. కాన్పుల సంఖ్య అలా కాదు. రెండున్నర కాన్పులు ఎవరికీ ఉండవు, అయినా ఊరి సగటు 1.8 అంటే ఒక అర్థం ఉంది.

జూన్ 5, గురువారం

సబ్‌సెంటర్‌కి వెళ్లాం. రిజిస్టరులో హిమోగ్లోబిన్ గడి నిండా ‘మైల్డ్’, ‘మోడరేట్’. అంకెలేవమ్మా అంటే, “అంకె చూసే రాశాను మేడమ్, గడి చిన్నది కదా” అంది ఏఎన్ఎం. నిజంగానే చిన్నది. గడి గీసినవాళ్లను వదిలేసి ఆమెను అనడం అన్యాయం.

గర్భిణికి 7 నుంచి 9.9 గ్రాముల దాకా మోడరేట్. 7.1 ఉన్నామె, 9.8 ఉన్నామె ఈ రిజిస్టరులో ఒక్కలాగే కనిపిస్తారు. 6.9 ఉన్నామె సివియర్. 6.9కీ 7.1కీ ఉన్న తేడా ఎంత? ఒకే మనిషి వేలి నుంచి రెండుసార్లు చుక్క తీసినా అంత తేడా రావచ్చు. మైల్డ్, మోడరేట్, సివియర్ అనేవి వరసలో ఉన్న మాట నిజమే, కానీ మెట్ల ఎత్తు ఒకటి కాదు. మైల్డ్ 10 నుంచి 10.9, అంటే గ్రాము లోపే. మోడరేట్ దాదాపు మూడు గ్రాములు. వీటికి 1, 2, 3 వేసి కూడడం, తీసివేయడం కుదరదు.

జూన్ 9, సోమవారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు మళ్లీ చదివాను. నడిమి మూడు నెలల్లో గర్భిణికి రక్తహీనత గీత 11 నుంచి 10.5 గ్రాములకు దిగింది. ఆ నెలల్లో ఎర్ర కణాల కంటే ప్లాస్మా ఎక్కువగా పెరిగి రక్తం పలచబడుతుంది. అందుకే ఆ గీత. అయిదో నెలలో 10.7 ఉన్నామె మొన్నటిదాకా మైల్డ్, ఇప్పుడు ఆ లెక్కలోనే లేదు. అంకె రాసి ఉంటే పాత రిజిస్టరునైనా కొత్త గీతతో మళ్లీ లెక్కించుకోవచ్చు. ‘మైల్డ్’ అని మాత్రమే ఉంటే ఏం చేస్తాం? అంకె నుంచి పేరు ఎప్పుడైనా వస్తుంది, పేరు నుంచి అంకె రాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చెప్పిన 57 శాతం మహిళలూ ఇలా గీత గీయగా వచ్చినవాళ్లే. గర్భిణులు కానివాళ్లకు ఆ గీత 12 గ్రాములు. 11.9 ఉన్నామె, 7.5 ఉన్నామె ఇద్దరూ ఆ 57లోనే.

జూన్ 10, మంగళవారం

అంకె రాసినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. బీపీ కాలమ్ చూశాను: 110/70, 120/80, మళ్లీ 110/70. పాదరసం మిషన్‌లో రెండేసి మిల్లీమీటర్లకు ఒక గీత ఉంటుంది. సరిగ్గా చదివితే అయిదింట ఒక రీడింగే సున్నాతో ముగియాలి. వయసులూ అంతే: 20, 25, 30. “ముప్పై అని రాసుకోండి మేడమ్” అనే ఊళ్లో 27, 28 ఏళ్లవాళ్లు మాయమవుతారు.

జూన్ 14, శనివారం

“హిమోగ్లోబిన్ డిపెండెంటా, ఇండిపెండెంటా మేడమ్?” అని అడిగింది అమ్మాయి. అది మన ప్రశ్నను బట్టి. ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగిందా అని అడిగితే అది ఫలితం. బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టడానికి రక్తహీనత కారణమా అని అడిగితే అదే కారణం వైపుకు వెళ్తుంది. ఎన్నో నెల అన్నది రెండుచోట్లా వేలు పెడుతుంది, దాన్ని వదలకూడదు. మాత్రలు 180 ఇచ్చినట్టు కార్డులో ఉంటుంది. మింగినవెన్నో వేరే కాలమ్‌లో రావాలి.

హిమోగ్లోబిన్‌కి రెండు కాలమ్‌లు పెట్టించాను. మొదటిదాంట్లో దశాంశంతో సహా అంకె, రెండోదాంట్లో ఫార్ములాతో వచ్చే గ్రేడు. అంకెల్లేని రిజిస్టరు పేజీలు థీసిస్‌లోకి తీసుకోవడం లేదు.