కొసరు

బేరమాడడం తెలిసిన ప్రతివాళ్ళకీ కొసరు తెలుసు. తూకం అయిపోయి, డబ్బు ముట్టాక అమ్మేవాడు తన ఇష్టంకొద్దీ వేసే గుప్పెడు. అది మన హక్కు కాదు, అయినా చెయ్యి చాపుతాం! లూకా సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పిన కొలత సంగతి నాకు చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో తెలిసివచ్చింది.

నాన్న పోయిన మరుసటేడు అక్క పెళ్ళి. అమ్మ లెక్కపెట్టి తెచ్చిన డబ్బు ఒక్క జత లక్క గాజులకే సరిపోయింది. ఓ పక్క నిప్పుల సెగన లక్క మెత్తబరిచి, గాజుగా చుట్టి, రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతున్నారు. (2024లో ఈ గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. లక్క మాత్రం, చెట్టుకొమ్మల మీద చిన్న పురుగులు వదిలే జిగురే సుమా!) పొట్లం కడుతూ కొట్టు పెద్దాయన నన్ను చూసి, "ఛోటీ కే వాస్తే" అంటూ ఇంకో జత అందులో పెట్టేశాడు. అమ్మ వద్దన్నా వినలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ ఆ గాజుల కోసం దేవునికి స్తోత్రం చెప్పింది. నాకది నచ్చలేదు. "ఇచ్చింది ఆ తాతగారైతే దేవుడికెందుకమ్మా?" అన్నాను.

"ఆయనకి అక్కడే చెప్పాను కదే. ఆయనకి ఇవ్వాలనిపించింది చూడు, అందుకు ఇక్కడ చెబుతున్నా" అంది.

ఇప్పుడు హాస్టల్ మెస్సులో అడక్కుండా ఇంకో గరిటె పప్పు పడితే, నేనూ రెండుసార్లు చెబుతాను. వడ్డించినాయనకి ముందు.