సముద్రం వెనక్కు తగ్గిన వేళ

‘ఆటుపోట్లు’ అన్న మాట మా మెదక్‌లో అందరికీ పరిచయమే. వ్యాపారానికి, సంసారానికి, రాజకీయానికి అన్నిటికీ అదే వాడతాం. పోటు అంటే నీరు ఎక్కడమనీ, ఆటు అంటే తీయడమనీ తలచుకునేవారు మాత్రం అరుదు. సముద్రం మాకు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. మంజీర నీరు గోదావరిలో కలిసి అక్కడికి చేరుతుంది గానీ, మాలో చాలామంది చేరరు.

మా చెల్లెలి కాపురం విశాఖపట్నంలో. కొన్నేళ్ళ కిందట, ఒక మార్చి నెల అమావాస్యనాడు ఫోను చేసింది. “అన్నా, సముద్రం చానా దూరం పోయింది. రాళ్ళన్నీ బయటపడ్డయి. సునామీ వస్తదంటున్నరు. పిల్లలను తీసుకొని రావాల్నా?” అంది. ఆ గొంతులోని భయమే నా చేత ఈ విషయం చదివించింది.

ఆ భయానికి మూలం 2004 డిసెంబరు 26. ఆనాడు థాయ్‌లాండ్ తీరంలో నీరు ముందుగా వెనక్కు పోయింది. వింత చూడబోయినవారిని తరువాతి అల ముంచేసింది. కానీ పడమరగా మన తీరానికి వచ్చిన తొలి అల నీటిని పెంచుతూనే వచ్చింది. అంటే, సముద్రం వెనక్కు తగ్గకపోయినా సునామీ రావచ్చు. తగ్గిన ప్రతిసారీ సునామీ కాదు.

మరి ఎందుకు తగ్గుతుంది? మొదటి కారణం చంద్రుడు. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటు ఎంత ఎక్కువో, ఆటు అంత లోతు. విశాఖలో ఆ రోజుల్లో రెంటికీ మధ్య తేడా దాదాపు మీటరున్నర. రెండవది ఋతువు. మన తీరాన సముద్రమట్టం సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగానూ, మార్చి ప్రాంతంలో తక్కువగానూ ఉంటుంది. వేసవికి ముందు తీరం వెంబడి నైరుతి నుంచి వీచే గాలి, భూభ్రమణం వల్ల పైనీటిని కుడివైపుకు, అంటే తీరానికి దూరంగా నెడుతుంది. మూడవది గాలి బరువు. వాతావరణ పీడనం ఒక మిల్లీబారు పెరిగితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు అణగుతుంది. ఇవన్నీ ఒకే రోజున కలిస్తే, ఏళ్ళ తరబడి కనబడని రాయి కూడా బయటపడుతుంది.

తుఫానులో గాలి చేసే పని మరీ విచిత్రం. మా పోచారం చెరువు నీటిని గాలి ఒక ఒడ్డుకు ఒత్తినట్టే, అది సముద్రాన్నీ ఒత్తుతుంది. 1977 నవంబరు 19న చీరాల దగ్గర తీరం దాటిన తుఫానుకు కుడివైపున దివిసీమ ఉంది. అక్కడ గాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోసింది, వేలమంది మరణించారు. అటువంటి తుఫానుకు ఎడమవైపున గాలి నేల నుంచి కడలిలోకి వీచి నీటిని తోడేస్తుంది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను వేళ అమెరికాలోని టాంపా అఖాతం అలాగే అడుగు కనబడేలా ఖాళీ అయింది. జనం అందులోకి నడిచి వెళ్ళారు. గాలి మళ్ళితే ఆ నీరు తిరిగి వస్తుందని అధికారులు హెచ్చరించవలసి వచ్చింది.

ఈ సంగతులన్నీ కనిపెట్టేది మాకు వంద కిలోమీటర్లలోపే, హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ. 2007 నుంచి అక్కడ సునామీ హెచ్చరికా కేంద్రం పనిచేస్తోంది. భూకంపాలనూ, తీరంలోని నీటిమట్టాలనూ, నడిసముద్రపు పీడన మాపకాలనూ రేయింబవళ్ళు గమనిస్తుంది. సముద్రం లేని ఊరు సముద్రానికి కాపలా కాయడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

చెల్లెలికి చెప్పినది ఇంతే. ఆటు గంటల మీద మెల్లగా దిగుతుంది. తిథి చూసుకో, అధికారిక ప్రకటన చూసుకో. భూమి గట్టిగా కంపించినా, నిమిషాల్లో నీరు వెనక్కు లాగినా ఎవరి మాటకూ ఆగకుండా పిల్లలతో మిట్టకెక్కు. ఆమె ప్రయాణం మానుకుంది.

వదంతికి మూడుసార్లు పరుగెత్తినవాడు నాలుగోసారి కదలడు. ఆ నాలుగోసారి నిజమైతే? భయపడవలసిన రోజు కోసం భయాన్ని దాచుకోవాలంటే, మిగిలిన రోజుల్లో సముద్రం ఏం చేస్తుందో తెలిసి ఉండాలి.