ఏర్కాడు దారిలో మాడు వాసన

సేలం చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్ళకు ఏర్కాడు కొత్త ఊరేమీ కాదు. ఎండలు ముదిరితే చాలు, పులిహోర డబ్బాలు సర్దుకుని కొండ ఎక్కేస్తారు. ఊటీకి అయినంత ఖర్చు కాదు, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. సేలం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. కొండదారిలో 20 హెయిర్‌పిన్ మలుపులు. తమిళంలో వీటిని ‘కొండై ఊసి వళైవు’ అంటారు. కొండై అంటే కొప్పు, ఊసి అంటే సూది. కొప్పులో గుచ్చుకునే పిన్నులాగా వంగిన దారి అని ఎంత చక్కగా చెప్పారో చూడండి!

మేము హోసూరు నుంచి బయలుదేరాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, వెనక సీట్లో మా అమ్మ. కృష్ణగిరి, ధర్మపురి దాటి, ప్రమాదాలకు పేరుపడ్డ తొప్పూరు కనుమను నెమ్మదిగా దిగి, సేలంలో కాఫీ తాగి కొండ మొదలుపెట్టాం. ఏడో మలుపు దాటగానే అమ్మ అంది, “రేయ్, ఏదో మాడుతున్న వాసన వస్తోందిరా.”

“ఎవరో చెత్త కాలుస్తున్నారేమో అవ్వా” అన్నాడు పెద్దవాడు.

“చెత్తయితే మలుపు తిరిగాక పోవాల కదా? ఇది మనతోనే వస్తోంది.”

ఆ మాటతో కాస్త వెడల్పుగా ఉన్న చోట బండి పక్కకు తీసి ఆపాను. ఇంజను కట్టేసి, వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టి, పిల్లలను రోడ్డుకు దూరంగా గోడ వైపు నిలబెట్టాం.

వాసనల్లో తేడా మన వంటింటి మనుషులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అన్నం అడుగంటితే మాడు, నూనె మితిమీరి కాగితే కమురు. కారుదీ ఇదే లెక్క. ఇంజను ఆయిలు కారి వేడి పొగగొట్టం మీద పడితే కమురు వాసన వస్తుంది. రేడియేటరులో పోసే కూలెంటు కారితే తియ్యగా, పాకం వాసన. వైర్లు కాలితే ప్లాస్టిక్ కాలిన వాసన; అప్పుడు మాత్రం బండిలో ఒక్క క్షణం కూర్చోకూడదు. ఇక క్లచ్చి, బ్రేకులు కాలితే రెండూ దాదాపు ఒకే రకం ఘాటు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు అలాంటి వాసన వస్తే ముందు క్లచ్చినే అనుమానించాలి. కానీ క్లచ్చి జారుతుంటే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. మాది అలా కాదు. బరువుగా, ఎవరో వెనక పట్టి లాగుతున్నట్టు, కొద్దిగా ఎడమకు గుంజుతూ వచ్చింది.

బానెట్టు కింద పొగ లేదు, తడి లేదు. చక్రాల దగ్గరకు వెళ్ళి, తగలకుండా చేతి వెనకవైపు పెట్టి చూశాను. కుడి ముందు చక్రం మామూలు వెచ్చన. ఎడమది దోసె పెనం! రెండూ సమానంగా కాలి ఉంటే బ్రేకు ఎక్కువ తొక్కడం వల్ల అనుకోవచ్చు. ఒక్కటే కాలిందంటే ఆ చక్రానికి బ్రేకు వదలడం లేదన్నమాట.

మా ఆవిడ నీళ్ళ సీసా తెచ్చింది. వద్దన్నాను. కాలిన డిస్కు మీద చన్నీళ్ళు పడితే అది వంకర పోవచ్చు, పగలవచ్చు. దానంతట అదే చల్లారాలి.

దగ్గరి టీ కొట్టాయన ఫోను చేసి మెకానిక్కును పిలిచాడు. ముక్కాలు గంట పట్టింది. కోతులు పులిహోర మీద కన్నేసి కూర్చున్నాయి. కింద సేలం పట్నం అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపిస్తోంది. పైన కాఫీ తోటలు, సిల్వర్ ఓకు చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. 1820ల్లో సేలం కలెక్టరు కాక్‌బర్న్ ఇక్కడ కాఫీ వేయించాడు. ఆ చల్లగాలికి అమ్మ హాయిగా కునుకు తీసింది కూడా.

మెకానిక్కు కుర్రాడు మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు. వాళ్ళ తాతలు సేలంలో మగ్గం నేసేవాళ్ళట. మొదటి ప్రశ్న, “నీళ్ళు పోసినారా అన్నా?” లేదన్నాక చక్రం విప్పాడు. బ్రేకు కాలిపరు జరగడానికి రెండు పిన్నులుంటాయి. అందులో ఒకటి గ్రీజు ఎండి తుప్పు పట్టింది. చాలా రోజులు కదలకుండా వానలో నిలబడిన బండ్లకు ఇది వస్తుందట. గరుకు కాగితంతో రుద్ది, వేడికి తట్టుకునే గ్రీజు రాసి బిగించి, చక్రాన్ని చేత్తో తిప్పి చూపించాడు. గిర్రున తిరిగింది.

వెళ్ళేముందు అతను చెప్పిన మాటకు మాత్రం నా గుండె ఝల్లుమంది. ఇలాగే పైకి వెళ్ళి దిగి ఉంటే బ్రేకు ఆయిలు మరిగేదట. ఆ ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టినది 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. 20 మలుపులు, వెనక పిల్లలు! అందుకే రెండేళ్ళకోసారి మార్చాలంటారు. మరుసటి వారమే ఆయిలు, రెండు వైపులా ప్యాడ్లు మార్పించాను.

చక్రాల కింద పెట్టిన రాళ్ళను తీసి గోడ పక్కన పడేశాం. రోడ్డు మీద వదిలేస్తే రాత్రి స్కూటరు మీద వచ్చేవాడి గతి ఏమిటి? ఏర్కాడు చెరువులో పడవ ఎక్కి, సాయంత్రం రెండో గేరులో దిగాం. దారిలో రెండుసార్లు ఆపి చూశాను. కొండ దిగాక మూడోసారి అమ్మే దిగి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసి, “రెండూ ఒక్కటే వేడిరా, పోనీ” అంది.