మత్తు డాక్టరు అడిగితే గని మాట దాచకండి



ఈ మధ్య మన సంఘం వాళ్లం ఆస్పత్రులకు తోడు వెళ్లడం ఎక్కువైంది. కారణం మీకు తెలిసిందే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆనాటిదాకా షాఫ్టు దిగిన మన మామలు, అన్నలు చాలామంది ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. ఒకరికి హెర్నియా, ఒకరికి ప్రోస్టేటు, ఇంకొకరికి తుంటి ఎముక. కోలారుకో బెంగళూరుకో పోవాలి. సర్జన్ ఎవరు, ఖర్చెంత అని అందరూ అడుగుతారు. మత్తు ఇచ్చేదెవరని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కోసేది, కుట్టేది సర్జనే. కానీ ఆ సేపంతా మన ఊపిరి, గుండె, బీపీ కనిపెట్టి ఉండేది మత్తు డాక్టరు.

ఆపరేషనుకు ముందు ఆ డాక్టరు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. ఆస్పత్రి భాషలో పీఏసీ అంటారు. మనవాళ్లు అక్కడే తప్పించుకుంటారు. దగ్గు ఉందా? లేదు సార్. ఆయాసం? లేదు సార్. అబద్ధమాడాలని కాదు. గనిలో పనిచేసినవాళ్లకు దగ్గు జబ్బు కిందే లెక్క కాదు. పైగా ఉందంటే ఆపరేషన్ వాయిదా వేస్తారేమో, పిల్లలు మళ్లీ సెలవు పెట్టాలేమో అని భయం.

ఛాంపియన్ రీఫ్ మామ ఒకాయనకు తోడు వెళ్లినప్పుడు ఇదే జరిగింది. అన్నిటికీ లేదు అన్నారు. చివర్లో ఆ డాక్టరమ్మ, "మీదే ఊరు తాతా, ఏం పని చేసేవారు?" అని అడిగింది. "కేజీఎఫ్, అండర్‌గ్రౌండ్, ఇరవై ఆరేళ్లు" అన్నారు గర్వంగా. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. ఎక్స్‌రే, ఊపిరితిత్తుల బలం చూసే ఊదుడు పరీక్ష, టీబీ పరీక్ష రాసింది. ఆపరేషన్ రెండు వారాలు వెనక్కి పోయింది. ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు. ఆ రెండు వారాల్లో మామకు ఊపిరి వ్యాయామాలు నేర్పారు, బీడీ మాన్పించారు. తరవాత పూర్తి మత్తు లేకుండా వెన్నులో సూదితో హెర్నియా పని ముగించారు.

ఎందుకింత జాగ్రత్త? మన బంగారం ఉన్నది పలుగురాయిలో. డ్రిల్లు వేసినా, పేల్చినా లేచేది సిలికా దుమ్ము. అది ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. అదే సిలికోసిస్. పని మానేసినా అది ఆగకపోవచ్చు, ఏళ్ల తరవాత కూడా ముదరవచ్చు. టీబీ సోకే అవకాశాన్నీ పెంచుతుంది. అలాంటి ఊపిరితిత్తులకు పూర్తి మత్తు ఇస్తే తరవాత సొంతంగా ఊపిరి అందుకోవడం కష్టం కావచ్చు, కఫం చేరి న్యుమోనియా రావచ్చు. ముందే తెలిస్తే ఏ మత్తు ఇవ్వాలి, ఐసీయూ మంచం సిద్ధంగా ఉంచాలా అన్నది డాక్టరు ఆలోచించుకుంటారు. అందరికీ వెన్ను సూదే మేలని కాదు, ఆ నిర్ణయం వాళ్లది. వాళ్లకు నిజం చెప్పడం మన పని.

ఏది కనిపెట్టి చూడాలన్న ప్రశ్న మీద మన తెలుగు నేలలోనే పెద్ద చర్చ జరిగింది. జాన్ టేలర్ కంపెనీ మన గనులు నడుపుతున్న 1880ల్లోనే హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఆరో నిజాం డబ్బుతో క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు నేరుగా ప్రమాదం లేదని తేల్చారు. అది తప్పని, క్లోరోఫాం గుండెనే ఆపగలదని తరవాత 1911లో లండన్‌లో లెవీ ప్రయోగాలు చూపాయి. అందుకే నేడు వేలికి క్లిప్పు, ఛాతీకి తీగలు, చేతికి బీపీ పట్టీ అన్నీ పెడతారు. చిన్న నర్సింగ్ హోమ్ అయినా సరే, మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా, ఈ మిషన్లు ఉన్నాయా అని మర్యాదగా అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

ఇంకొక సంగతి కడుపు. తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయేవాళ్లు బంగారపేటలో ఇడ్లీ తినేస్తారు. "కాఫీయే కదా, నీళ్లతో సమానం" అంటారు. కాదు. పాలు కలిసిన కాఫీని భోజనం కిందే లెక్క వేస్తారు. మామూలుగా తేలిక తిండికి ఆరు గంటలు, నూనె, మాంసం తింటే ఎనిమిది గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఎడం ఉండాలి. మీ డాక్టరు వేరుగా చెబితే అదే పాటించండి. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున తిన్నా చెప్పేయండి, వాయిదా పడితే పడనీ.

షుగరు, బీపీ, రక్తం పలచబడే మాత్రలు, నాటు మందులు అన్నీ సంచిలో వేసుకుని పోయి చూపించండి. ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో వాళ్లే చెప్తారు, మనంతట మనం ఆపకూడదు. కట్టుడు పళ్లు, కదిలే పళ్లు, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోవడం, ఇవీ చెప్పాలి. మందు అలవాటు కోడలి ముందు చెప్పడానికి సిగ్గయితే, ఆమెను కాసేపు బయట ఉండమని డాక్టరుతో ఒంటరిగా చెప్పండి.

పిల్లలకు ఒక మాట. నాన్న ఏ షాఫ్టులో, ఎన్నేళ్లు, ఏ పని చేశారో ఇవాళే అడిగి ఒక కాగితం మీద రాసి ఆస్పత్రి ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి. అత్యవసరంగా తీసుకెళ్లిన రోజు ఆయన మాట్లాడే స్థితిలో లేకపోయినా ఆ కాగితం మాట్లాడుతుంది. రాయడానికి, తోడు రావడానికి మనిషి కావాలంటే సంఘానికి చెప్పండి, మేం వస్తాం.